తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

దసరాకు ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది. అవతల మాస్టారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆయన్ని పేరుతో పిలిచేవారు తక్కువ. స్టేషన్ మాస్టరుగా రిటైరై పదేళ్లు దాటినా అందరికీ ఆయన మాస్టారే.

"ఇదేటి బాబూ, మన చందా పేజీలో ఉన్న ఖాతా నంబరు మనది కాదు కదా! పాస్‌బుక్కు పక్కన పెట్టుకునే చూస్తన్నాను" అన్నారు.

లాప్‌టాప్ తెరిచి చూశాను. అమ్మవారి బొమ్మ, కార్యవర్గం ఫోటో, కార్యక్రమాల పట్టిక అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. మారినవి మూడే. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, క్యూఆర్ బొమ్మ. ఆ మూడూ ఎవరివో మాకు తెలియదు.

ఈ వ్యాసం ఆ ఆదివారం తర్వాత మేం నేర్చుకున్న పాఠం. దూరాన ఉన్న వెబ్ సర్వర్‌లోని ఫైళ్లను మన కంప్యూటర్ దగ్గర కూర్చుని భద్రంగా దిద్దడం ఎలాగన్నది విషయం. సాంకేతిక విభాగంలో లేని సహోద్యోగులకు కూడా అర్థం కావాలని మనకు అలవాటైన బ్యాంకు మాటల్లోనే రాస్తున్నాను. ఒక సంగతి ముందే చెప్పాలి. మన బ్యాంకు సర్వర్లకు ఇది వర్తించదు. అక్కడ ప్రత్యేక విభాగాలు, అనుమతులు, తనిఖీలు ఉంటాయి. ఇది సంఘాలు, గుళ్లు, బడులు, చిన్న వ్యాపారులు నడుపుకునే సైట్ల సంగతి. వాళ్లలో చాలామంది మన ఖాతాదారులే.

ఏం జరిగింది

బిలాస్‌పూర్ రైల్వే వల్ల పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇటుగా లైను వేసిన నాటి నుంచి ఈ ఊరి కథంతా పట్టాల వెంటే నడిచింది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్రం. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. పిల్లలు బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుకుంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అలాంటి కుటుంబాల సంఘం ఒకటి చిన్న సైటు పెట్టుకుంది. పండుగల కబుర్లు, పెళ్లి పిలుపులు, పోయినవారి వార్తలు, ఏడాదికొకసారి దసరా చందా పేజీ. అంతకంటే ఏమీ లేదు. బదిలీ మీద ఈ ఊరికి వచ్చిన నాకు మొదటి పండుగ భోజనం పెట్టింది ఆ సంఘమే. బ్యాంకు ఐటీ విభాగంలో కొంతకాలం పనిచేశానని తెలిసి, సెలవు రోజుల్లో సైటు సంగతి కాస్త చూడమన్నారు. నా సొంత లాప్‌టాప్ మీద, సొంత సమయంలో చూసేవాణ్ణి.

చూసేవాణ్ణి అన్నానే గాని, నిజానికి సరిగ్గా చూడలేదు. సర్వర్‌లోకి వెళ్లడానికి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. అవి ఐదుగురి దగ్గర ఉండేవి. అందులో ఇద్దరు బదిలీ అయి ఊరు వదిలి ఏళ్లయింది. మిగిలిన ముగ్గురిలో నేనొకణ్ణి. "పండుగ అయ్యాక మారుద్దాం" అని రెండు పండుగలు దాటించాను.

లాగ్ తెరిచి చూస్తే శుక్రవారం రాత్రి రెండు గంటలు దాటాక "అడ్మిన్" వచ్చి రెండు ఫైళ్లు మార్చి వెళ్లినట్టు ఉంది. ఎవరా అడ్మిన్? ఐదుగురమూ అడ్మినే. క్యాష్ సేఫ్ తాళం చెవికి ఐదు నకళ్లు చేయించి, రిజిస్టర్ లేకుండా పంచిపెడితే ఏమవుతుందో అదే అయింది.

ఈలోగా ఇద్దరు చందా పంపేశారు. ఒకరు ఉద్యోగంలో ఉన్న అబ్బాయి, ఇంకొకరు పింఛను మీద బతికే పెద్దావిడ. వెంటనే 1930కి ఫోన్ చేయించాం, జాతీయ సైబర్ నేర పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించాం, వాళ్ల బ్యాంకులకు రాయించాం. అబ్బాయి సొమ్ము అవతలి ఖాతాలోనే నిలిపివేయగలిగారు. పెద్దావిడ డబ్బు అప్పటికే తీసేశారు. "పోనీలే నాయనా, అమ్మవారికి ఇచ్చాననే అనుకుంటాను" అన్నారావిడ. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆవిడ అమ్మవారికి ఇచ్చింది, మేం దొంగకు చేర్చాం.

పోస్టుకార్డు మీద పాస్‌వర్డ్

మేం వాడుతున్న పద్ధతి పేరు ఎఫ్‌టీపీ. ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఫైళ్లు పంపే పాత ఒడంబడిక. దీని తొలి ముసాయిదాను 1971 ఏప్రిల్‌లో రాసినవారు అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి, అమెరికాలో ఎంఐటీకి వెళ్లిన భారతీయుడు. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లు బహు కొద్ది. వాడేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు. అందుకే అందులో పేరు, పాస్‌వర్డ్, ఫైలు అన్నీ పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా వెళతాయి. దారిలో ఉన్నవాడు ఎవరైనా చదవవచ్చు. అది రాసినవారి తప్పు కాదు. ఊరంతా తెలిసిన రోజుల్లో ఇంటికి తాళం వేసేవాళ్లు కారు. మన తప్పల్లా ఊరు మారినా తాళం వేయకపోవడమే. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు రెండూ ఎఫ్‌టీపీని పూర్తిగా తీసేశాయి. మా సర్వర్‌లో మాత్రం అది హాయిగా నడుస్తూనే ఉంది.

21కీ 23కీ మధ్య

1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అక్కడే ఉన్న తాతు యులోనెన్ అనే పరిశోధకుడు దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. రెండు కంప్యూటర్ల మధ్య ముందుగా ఒక రహస్య సొరంగం తవ్వి, ఆ తర్వాతే మాట మొదలుపెట్టే పద్ధతి ఇది. ఇంటర్నెట్ సేవలకు ఒక్కోదానికి ఒక్కో ద్వారం నంబరు ఉంటుంది. ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23. ఆ రెంటినీ తప్పించడానికే తన పద్ధతి పుట్టింది కనుక, వాటి మధ్య ఖాళీగా ఉన్న 22 ఇమ్మని ఆయన అడిగాడు, ఇచ్చారు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం దీని స్వేచ్ఛా రూపం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను విడుదల చేసింది. నేడు లినక్స్ సర్వర్లలో చాలావరకు ఉన్నది అదే.

ఆ సొరంగంలోంచి ఫైళ్లు పంపే మార్గమే ఎస్‌ఎఫ్‌టీపీ. పేరు చూసి ఎఫ్‌టీపీకి తమ్ముడనుకుంటాం. కాదు, ఇది ఎస్‌ఎస్‌హెచ్ బిడ్డ. ద్వారం కూడా అదే 22. ఎఫ్‌టీపీఎస్ అని ఇంకొకటి ఉంది. అది పాత ఎఫ్‌టీపీకే ముసుగు తొడిగిన రూపం. సర్వర్ అద్దెకిచ్చేవారిని అడిగేటప్పుడు ఈ రెండు పేర్లూ కలిపేసుకోకూడదు.

నమూనా సంతకంతో పోల్చి చూద్దాం

ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ బదులు కీ జంట వాడవచ్చు. ఒకటి పబ్లిక్ కీ, రెండోది ప్రైవేట్ కీ. లాకర్‌కు రెండు తాళం చెవులున్నట్టు అని కొందరు చెబుతారు. నాకు నమూనా సంతకమే దగ్గరి పోలిక అనిపిస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు ఖాతాదారు సంతకం నమూనా మన దగ్గర ఉంటుంది, సంతకం పెట్టే చెయ్యి ఆయన దగ్గరే ఉంటుంది. చెక్కు వచ్చినప్పుడు రెంటినీ పోల్చి చూస్తాం. సర్వర్ దగ్గర ఉండే పబ్లిక్ కీ ఆ నమూనా లాంటిది. మన కంప్యూటర్‌లో ఉండే ప్రైవేట్ కీ ఆ చెయ్యి. లాగిన్ అయ్యేటప్పుడు మన కంప్యూటర్ ఆ క్షణానికి మాత్రమే చెల్లే ఒక సంతకం చేసి పంపుతుంది, సర్వర్ సరిచూసుకుంటుంది. ప్రైవేట్ కీ ఎప్పుడూ దారిలోకి రాదు.

పోలికకు ఒక హద్దుంది. కాగితం మీది నమూనా దొంగ చేతిలో పడితే చూసి నేర్చుకుంటాడు. పబ్లిక్ కీని ఎంతసేపు చూసినా దానిలోంచి ప్రైవేట్ కీని ఆచరణలో రాబట్టలేరు. అందుకే పబ్లిక్ కీని మెయిల్‌లో, వాట్సాప్‌లో పంపినా ఫరవాలేదు. ప్రైవేట్ కీని మాత్రం ఎవరికీ, ఎందుకూ, ఎప్పుడూ పంపకూడదు. "నాకో కాపీ ఇవ్వు, అవసరానికి పనికొస్తుంది" అని పైవాళ్లు అడిగినా సరే. వాళ్లకు అవసరమైతే వాళ్ల జంట వాళ్లు చేసుకుంటారు.

మేం చేసిన పని, వరుసగా

1. ముందు ఆధారాలు. పాత సర్వర్‌ను కంగారుగా చెరిపేయలేదు. చందా పేజీ మూసివేసి, ఉన్నది ఉన్నట్టు ఒక ప్రతి తీయించి, లాగ్‌లు వేరే చోట దాచాం. పోలీసులు అడిగినప్పుడు అవే పనికొచ్చాయి. దొంగ తిరిగిన ఇంట్లో ఇంకా ఏం దాచాడో చెప్పలేం కనుక ఆ సర్వర్‌ను బాగుచేసే ప్రయత్నం మానుకుని కొత్తది తీసుకున్నాం. పాత ఫైళ్లను ఒక్కొక్కటే చూసుకుని అందులోకి తెచ్చాం. ఎఫ్‌టీపీని అసలు పెట్టలేదు.

2. మనిషికో పేరు. కొత్త సర్వర్‌లో "అడ్మిన్" లేడు. రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసే తమ్ముడికొకటి, బీకాం చదువుతున్న అమ్మాయికొకటి, నాకొకటి. ఇక లాగ్‌లో ఎవరు వచ్చారో, ఎప్పుడు వచ్చారో పేరుతో సహా పడుతుంది. హాజరు పట్టీలో అందరూ ఒకే పొట్టి సంతకం పెట్టే ఆఫీసు ఉండదు కదా.

3. ఎవరి కీ వాళ్ల దగ్గరే. ముగ్గురమూ మా మా కంప్యూటర్ల మీద ఈడీ25519 రకం కీ జంట చేసుకున్నాం. పబ్లిక్ కీ ఒక్క పొట్టి వరుసలో ఉంటుంది, అదొక్కటే సర్వర్‌కు పంపాం. ప్రైవేట్ కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టుకున్నాం. లాప్‌టాప్ పోయినా కీ వెంటనే దొంగ చేతికి పనికిరాకుండా అది కాపాడుతుంది. మనం నలుగురం ఎరిగిన సామెతో, పాట పల్లవో అక్కడ వాడకూడదు. ఒకదానికొకటి సంబంధం లేని ఐదారు మాటలు కలిపితే మేలు.

4. మొదటిసారి అడిగే ప్రశ్న. కొత్త సర్వర్‌కు మొదటిసారి కలిపినప్పుడు "ఈ సర్వర్ వేలిముద్ర ఇది, నమ్ముతారా?" అని తెర మీద అడుగుతుంది. అందరం చదవకుండా "అవును" నొక్కేస్తాం. అవతల ఉన్నది మన సర్వరేనా, మధ్యలో ఎవరైనా వేషం వేసుకుని నిలబడ్డారా అని తేల్చుకునే సమయం అదొక్కటే. నేను అద్దె సంస్థ వారి కన్సోల్‌లోంచి ఆ వేలిముద్రను ఫోన్‌లో చదివాను, అమ్మాయి తన తెర మీద అక్షరం అక్షరం టిక్కు పెట్టుకుంది. "అంకుల్, ఇంత అవసరమా?" అని నవ్వింది. చెక్కు మీద పేరు చదవకుండా పాస్ చేసేవాళ్లం మనం కాదు కదా అన్నాను.

5. పాత తలుపులు మూయడం. సర్వర్ సెట్టింగుల ఫైలులో రెండు మార్పులు చేయాలి. సర్వాధికారి అయిన రూట్ పేరుతో నేరుగా లాగిన్ కుదరకూడదు, పాస్‌వర్డ్‌తో ఎవరికీ ప్రవేశం ఉండకూడదు. ఇక్కడ నేను పడిన గోతి చెబుతాను. ప్రధాన ఫైలులో పాస్‌వర్డ్ వద్దని రాశాను, సర్వీసు తిరిగి మొదలుపెట్టాను, పనైపోయిందనుకున్నాను. పరీక్షిస్తే పాస్‌వర్డ్ ఇంకా అడుగుతూనే ఉంది! కారణం, సర్వర్ తయారైనప్పుడే దానంతటదే పుట్టిన మరో చిన్న ఫైలులో "పాస్‌వర్డ్ సరే" అని ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ ఏ ఆదేశాన్ని ముందు చదివితే దాన్నే పాటిస్తుంది, తర్వాత వచ్చింది లెక్కలోకి రాదు. అందుకే రాసినదాన్ని నమ్మకుండా, నిజంగా అమల్లో ఉన్నదేమిటో అడిగి తెలుసుకోవాలి. ఎస్‌ఎస్‌హెచ్‌డి ఆదేశం పక్కన పెద్ద 'టి' పెడితే అమల్లో ఉన్న జాబితా అంతా చెబుతుంది. చిన్న 'టి' పెడితే రాతలో తప్పులున్నాయేమో చూస్తుంది. మార్పు చేసిన ప్రతిసారీ ముందు చిన్న 'టి', తర్వాత పెద్ద 'టి'.

ఇంకో జాగ్రత్త. మార్పులు చేసేటప్పుడు ఇప్పటికే తెరిచి ఉన్న కిటికీని మూయకండి. రెండో కిటికీ తెరిచి కొత్త పద్ధతిలో లోపలికి రాగలిగామని తేలాకే మొదటిది మూయాలి. లేకపోతే చెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నట్టవుతుంది.

6. ఎవరి గది వారికి. వార్తలు దిద్దే అమ్మాయికి సర్వర్ అంతా తిరిగే పని లేదు. ఆమె ఖాతాను ఎస్‌ఎఫ్‌టీపీకి మాత్రమే పరిమితం చేసి, ఒక్క ఫోల్డర్‌లోనే ఉండేలా గోడ కట్టాం. ఇక్కడ చాలామంది తడబడతారు. ఆ గోడగా నిలిచే ఫోల్డర్ రూట్ సొంతం కావాలి, ఇంకెవరికీ అందులో రాసే హక్కు ఉండకూడదు. లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ ఆమెను లోపలికే రానివ్వదు, కారణం కూడా తెర మీద సరిగా చెప్పదు. ఆ గోడ లోపల ఇంకో ఫోల్డర్ చేసి, దానికి మాత్రం ఆమెను యజమానిని చేయాలి. స్ట్రాంగ్ రూమ్ గోడలు బ్యాంకువి, లోపలి పెట్టె మాత్రమే క్యాషియరుది అనుకుంటే గుర్తుంటుంది.

7. మూడు అంకెల హక్కులు. ప్రతి ఫైలుకూ మూడు అంకెలుంటాయి. మొదటిది యజమానికి, రెండోది అతని బృందానికి, మూడోది మిగిలిన అందరికీ. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, ఈ మూడూ కలిపిన మొత్తమే అంకె. మామూలు పేజీలకు 644, ఫోల్డర్లకు 755 చాలు. మా పాత సర్వర్‌లో "అప్‌లోడ్ అవడం లేదు" అని ఎవరో ఎప్పుడో 777 పెట్టేశారు. అంటే ఆ యంత్రం మీద నడిచే ఏ ప్రోగ్రామైనా ఆ ఫైళ్లను మార్చవచ్చు. ఏదైనా పనిచేయనప్పుడు 777 పెట్టి చూడమని సలహా ఇచ్చేవారు కనిపిస్తే మర్యాదగా నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి. వెబ్ సర్వర్ ప్రోగ్రాముకు పేజీలు చదివే హక్కు చాలు, రాసే హక్కు అక్కరలేదు.

8. దిద్దే పరికరం. విండోస్ వాడేవారికి విన్‌ఎస్‌సీపీ సులువు. ఒక పక్క మన ఫోల్డర్లు, ఇంకో పక్క సర్వర్ ఫోల్డర్లు కనిపిస్తాయి. ఫైలు మీద రెండుసార్లు నొక్కితే దాని ప్రతి మన కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది, సేవ్ చేసిన ప్రతిసారీ తిరిగి సర్వర్‌కు చేరుతుంది. సిగ్నల్ విభాగం తమ్ముడు వీఎస్ కోడ్‌లోని రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ వాడతాడు. అది సర్వర్‌లో ఒక సహాయ ప్రోగ్రామును నడుపుతుంది. కాబట్టి పైన చెప్పిన ఎస్‌ఎఫ్‌టీపీ గదిలో ఉన్నవారికి అది పనిచేయదు, చిన్న సర్వర్‌కు బరువు కూడా. ఏది వాడినా పాస్‌ఫ్రేజ్‌ను అందులో దాచమని చెప్పకండి.

ఒకే పట్టాల మీద రెండు బళ్లు

ఇవన్నీ అయ్యాక మాస్టారికి చూపించాను. ఆయన శ్రద్ధగా విని ఒక్కటే అడిగారు. "ఇద్దరూ ఒకే ఫైలు ఒకేసారి తెరిస్తే ఏటవుద్ది?"

నా దగ్గర జవాబు లేదు. ఇద్దరు ఒకే ఫైలు తెరిస్తే, చివర సేవ్ చేసినవారిదే నిలుస్తుంది, ముందువారి పని చెప్పకుండా పోతుంది. మాస్టారు తన రోజుల్లోని నీల్స్ బాల్ టోకెన్ సంగతి చెప్పారు. సింగిల్ లైను సెక్షన్‌కు రెండు చివర్లా రెండు యంత్రాలు ఉండేవి. అవి ఒకదానికొకటి తీగతో కలిసి ఉండేవి. ఒక ఉక్కు బంతి బయటికొస్తే, అది తిరిగి ఏదో ఒక చివర లోపలికి వెళ్లేదాకా రెండో బంతి రాదు. ఆ బంతి చేతికందనిదే డ్రైవరు బండిని సెక్షన్‌లోకి పోనివ్వడు. "నమ్మకం మీద బళ్లు నడపలేదు బాబూ. బంతి మీద నడిపాం" అన్నారాయన.

ఆ మాటతో మా పద్ధతి మార్చాం. ఇప్పుడు ఎవరూ అసలు సైటును నేరుగా దిద్దరు. దాని పక్కనే ముసాయిదా సైటు ఒకటి ఉంది. ఫైళ్లన్నీ గిట్ అనే మార్పుల చిట్టాలో ఉంటాయి. ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో అందులో నిలుస్తుంది. ఇద్దరు ఒకే వరుసను మారిస్తే అది ఆగి అడుగుతుంది, చెప్పకుండా తుడిచెయ్యదు. అమ్మాయి ముసాయిదాలో మారుస్తుంది, తమ్ముడు చూసి అసలు సైటుకు పంపుతాడు. మనం రోజూ చేసే మేకర్, చెకర్ పనే ఇది. చందా పేజీకి మాత్రం ఇంకో నియమం. ఖాతా నంబరు, క్యూఆర్ మారాలంటే ఇద్దరు కూర్చుని, పాస్‌బుక్కు ముందు పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూడాలి. ఆ రెండోవారు మాస్టారే.

రోజూ టాలీ

తాళాలు ఎన్ని వేసినా రోజు చివర క్యాష్ లెక్క చూడకుండా ఇంటికి వెళ్లం. సైటుకూ అంతే. మాది మామూలు పేజీ కనుక, వేరే కంప్యూటర్ ఒకటి గంటకోసారి చందా పేజీని, క్యూఆర్ బొమ్మను బయటి నుంచి తెచ్చుకుని, వాటి ఎస్‌హెచ్‌ఏ-256 ముద్రను లెక్కకట్టి నిన్నటిదానితో పోలుస్తుంది. ఒక్క అంకె మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది, ముగ్గురికీ మెయిల్ వస్తుంది. ఈ పని అదే సర్వర్‌లో పెట్టకూడదు. ఇంట్లో దూరిన దొంగ కాపలా గంటను కూడా ఆపగలడు.

భద్రత మార్పులను సర్వర్ తనంతట తానే వేసుకునేలా పెట్టాం. అయినా యంత్రం మీద వదిలేసి కళ్లు మూసుకోవడానికి లేదు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతున్నట్టు అనిపించింది. వదిలేయకుండా తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టినట్టు బయటపడింది. అది ప్రపంచమంతా పాకకముందే పట్టుబడింది. అర సెకను తేడా చూసిన ఆయనకూ, పాస్‌బుక్కు పక్కన పెట్టుకుని చూసిన మాస్టారికీ నాకు పెద్ద తేడా కనబడదు.

బ్యాంకు ఉద్యోగులుగా మనకేమిటి?

బ్యాంకులన్నీ తమ సైట్లను "బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాకు 2025 అక్టోబర్ 31లోగా మార్చాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. దాని నమోదు బాధ్యత మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీది. దానివల్ల ఇల్లు ఎవరిదో ఖాతాదారుకు తెలుస్తుంది. కానీ మన ఖాతాదారుల సైట్లలో, వారి ఇళ్ల గోడల మీద ఏ ఖాతా నంబరు రాసి ఉందో, దాన్ని ఎవరు మార్చగలరో మరో ప్రశ్న. ట్రస్టు ఖాతా, సంఘం ఖాతా తెరిచేటప్పుడు, క్యూఆర్ ఇచ్చేటప్పుడు మనం రెండు నిమిషాలు ఈ నాలుగు మాటలు చెప్పగలం.

సైటు తాళం చెవులు ఎందరి దగ్గర ఉన్నాయి? ఊరు వదిలినవారి దగ్గర ఉన్నాయా? ఇంకా ఎఫ్‌టీపీయేనా? నెలకోసారైనా చందా పేజీని పాస్‌బుక్కుతో పోల్చి చూస్తున్నారా?

పంపేవారికి కూడా ఒక మాట. యూపీఐలో డబ్బు పంపే ముందు పేరు కనిపిస్తుంది. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లకు కూడా 2025 ఏప్రిల్ నుంచి లబ్ధిదారు పేరు చూసే సౌకర్యం వచ్చింది. సంఘం పేరు బదులు ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే అక్కడే ఆగాలి. మోసం జరిగిందనుకుంటే సిగ్గుపడుతూ కూర్చోక వెంటనే 1930కి చెప్పాలి. ఇక్కడ గంటల మీద పని నడుస్తుంది. సంస్థలైతే ఇలాంటి సంఘటనను 6 గంటల్లోగా సర్ట్-ఇన్‌కు తెలపాలని, లాగ్‌లను 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి.

చెవి అప్పగింత

ఆ మరుసటి దసరాకు చందా పేజీ మళ్లీ తెరిచాం. మొదటి చందా ఆ పెద్దావిడే పంపారు. పంపేముందు మాస్టారికి ఫోన్ చేసి నంబరు చదివించుకున్నారట. మంచిదే. మా ముద్రలూ లెక్కలూ ఎన్ని ఉన్నా ఆ ఫోన్ కూడా ఉండాలి.

తర్వాత కొద్ది నెలలకే నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. బ్రాంచిలో రిజిస్టర్ మీద సంతకం పెట్టి చెవులు అప్పగించాను. సాయంత్రం రైల్వే కాలనీకి వెళ్లాను. తమ్ముడు సర్వర్‌లో నా పబ్లిక్ కీ వరుసను తీసేశాడు, నా ఖాతా మూసేశాడు. మా నోటు పుస్తకంలో తేదీ వేసి మాస్టారు సంతకం పెట్టారు. "ఇప్పుడొకపాలి లోపలికెళ్లి చూడు బాబూ" అన్నారు.

లాప్‌టాప్ తెరిచి ప్రయత్నించాను. అనుమతి లేదని తెర మీద పడింది.

రెండేళ్లలో ఆ సర్వర్ నాకు చెప్పిన మంచి మాట అదే. మర్నాడు విశాఖ వైపు వెళ్లే బండి ఎక్కించడానికి ముగ్గురూ స్టేషన్‌కు వచ్చారు.